షుగర్ పుండు, కాలి వాపు, ప్రెషర్ కట్టు: రక్తప్రసరణ కొలిచాకే బ్యాండేజీ చుట్టే పద్ధతి

"కాలు వాచింది. పుండు ఎప్పుడూ తడిగానే ఉంటోంది, మానడం లేదు. క్రేప్ బ్యాండేజీ గట్టిగా చుట్టొచ్చా?" షుగర్ ఉన్నవాళ్ల ఇళ్లలో తరచూ వినిపించే ప్రశ్న ఇది. అదే కట్టు ఒకరి కాలిని మాన్పుతుంది, ఇంకొకరి వేళ్లను నల్లబరుస్తుంది. తేడా కట్టులో లేదు, ఆ కాలిలోకి దిగే రక్తంలో ఉంది.

రోజూ డ్రెస్సింగ్ మార్చే ఇంటివాళ్ల కోసం, చిన్న క్లినిక్కుల్లో కట్లు కట్టే నర్సుల కోసం ఈ మార్గదర్శి. కట్టు వేయాలా వద్దా, ఎంత ఒత్తిడితో వేయాలి అన్నది డాక్టరు నిర్ణయం. మొదటి కట్టు శిక్షణ ఉన్నవాళ్లు కట్టి చూపించాలి. ఇంట్లో చేయాల్సిన పని ఆ తర్వాతే మొదలవుతుంది.

1. కట్టు ఏం చేస్తుంది, ఏం చేయలేదు

గుండె నుంచి పాదానికి రక్తం తెచ్చేవి ధమనులు. పాదం నుంచి పైకి తీసుకెళ్లేవి సిరలు. ప్రెషర్ కట్టు సాయపడేది ఈ రెండో దారికే. కండలో, చర్మం కింద నిలిచిన నీటిని అది సిరల్లోకి, లింఫు నాళాల్లోకి నెడుతుంది.

వాపు ఉన్నంతకాలం సన్నని రక్తనాళానికీ కణానికీ మధ్య దూరం పెరిగే ఉంటుంది. ఆక్సిజన్, యాంటీబయాటిక్ అంత దూరం సరిగ్గా చేరవు. నీరు నిలిచిన పొలంలో పైరు వేళ్లకు ఊపిరాడనట్టే. వాపు దిగితే ఆ దూరం తగ్గుతుంది, పుండు నుంచి కారే నీరు తగ్గుతుంది, చుట్టూ ఉన్న చర్మం నాని తెల్లబడటం ఆగుతుంది.

మూసుకుపోయిన ధమనిని మాత్రం ఏ కట్టూ తెరవలేదు. పైగా ధమనిలో ఒత్తిడి తక్కువగా ఉన్న కాలికి బిగించి కడితే, వచ్చే ఆ కాస్త రక్తం కూడా ఆగిపోతుంది.

ఇంకో మాట. అరికాలి పుండ్లలో ఎక్కువ భాగం స్పర్శ పోయిన పాదం మీద ఒకే చోట పదే పదే భారం పడటం వల్ల వచ్చినవి. ఆ భారాన్ని కట్టు తీసేయదు. అందుకే పని ఈ వరుసలో జరగాలి: మొదట రక్తప్రసరణ, తర్వాత ఇన్ఫెక్షన్, ఆపై పాదం మీద భారం, వాపు చివర. చాలాచోట్ల ఇది తలకిందులుగా జరుగుతోంది. కంటికి కనిపించేది వాపు కాబట్టి ముందు దాని మీదే పడతారు.

2. పుండు ఎక్కడుందో చూడండి

పుండు చోటును బట్టి కారణం పూర్తిగా తేలదు గానీ, ఏ పరీక్ష ముందు అడగాలో తెలుస్తుంది.

- అరికాల్లో, బొటనవేలి మొదట్లో, చుట్టూ గట్టి ఆనెతో గుండ్రంగా ఉంటే, నొప్పి లేకపోతే: భారం వల్ల వచ్చిన పుండు.
- వేళ్ల కొసల్లో, మడమ అంచున, పాదం పక్కల్లో, పాలిపోయిన లేదా నల్లని అడుగుతో ఉంటే: రక్తం చాలడం లేదని అనుమానించాలి.
- చీలమండకు పైన, లోపలి వైపు, చుట్టూ చర్మం గోధుమ రంగుకు మారి ఉంటే: సిరల జబ్బు వల్ల వచ్చిన పుండు. షుగర్ ఉన్నవాళ్లకూ ఇది వస్తుంది. ప్రెషర్ కట్టు అసలు చికిత్స అయ్యేది దీనికే.

షుగర్ రోగుల్లో రెండు మూడు కారణాలు కలిసి ఉండటం మామూలే. అరికాలి పుండు కనబడింది కదా అని రక్తప్రసరణ పరీక్ష వదిలేయకూడదు.

3. వాపు ఎందుకొచ్చిందో తేల్చుకోండి

రెండు కాళ్లూ సమానంగా వాచాయా, ఒక్కటేనా? మొదటి ప్రశ్న ఇది.

రెండు కాళ్లూ వాస్తే గుండె, మూత్రపిండాలు, కాలేయం, రక్తంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తి తగ్గడం చూడాలి. మందుల చీటీ కూడా చూడాలి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్, షుగర్‌కు వాడే పియోగ్లిటజోన్, కాళ్ల మంటలకు వాడే ప్రీగాబలిన్, గాబాపెంటిన్ మాత్రలన్నీ కాళ్ల వాపు తెప్పించగలవు. ఈ మందులు సొంతంగా ఆపొద్దు. చీటీ డాక్టరుకు చూపించి అడగండి. నీళ్ల మాత్రలు షాపులో కొని వేసుకోవడం అంతకంటే ప్రమాదం. మూత్రపిండం దెబ్బతిన్నవాళ్లకు మరీను.

ఒకే కాలు వాస్తే ఈ కింది వాటిలో ఏదో తేలేదాకా కట్టు మాట ఎత్తకూడదు:

- ఎర్రగా, వేడిగా, జ్వరంతో ఉంటే ఇన్ఫెక్షన్.
- పిక్క అకస్మాత్తుగా వాచి బిగుసుకుపోతే సిరలో రక్తం గడ్డకట్టడం.
- పాదం వేడిగా, ఎర్రగా వాచి, నొప్పి అంతగా లేకపోతే షార్కో పాదం. లోపల ఎముకలు విరుగుతూ ఉంటాయి. దీన్ని చీము అనుకుని యాంటీబయాటిక్స్ మీదే కాలం గడిపేస్తుంటారు. దీనికి కావాల్సింది కదలకుండా పట్టి ఉంచే మోకాలి దాకా పిండికట్టు.
- ఏళ్ల తరబడి ఉన్న గట్టి వాపు, మడతలు పడిన చర్మం ఉంటే బోదకాలు. కోస్తా జిల్లాల్లో ఫైలేరియా ఉన్న ఇళ్లలో షుగర్ కూడా తోడైనవాళ్లు తక్కువేమీ లేరు.

అందరూ మోసపోయే వాపు ఇంకొకటుంది. ధమనులు మూసుకుపోయిన మనిషికి రాత్రి పడుకుంటే పాదం నొప్పెడుతుంది. కాలు మంచం కిందికి వేలాడేస్తే కాస్త ఉపశమనం. అందుకని రాత్రంతా కూర్చుని, కాలు వేలాడేసుకునే కునుకు తీస్తాడు. కొన్ని వారాలకు ఆ కాలు వాస్తుంది, ఎర్రబడుతుంది. చూసేవాళ్లకు అది "రక్తం బాగానే ఉంది, నీరు దిగింది" అన్నట్టు కనిపిస్తుంది. అలాంటి కాలికి బిగించి కట్టడం ఈ మొత్తం వ్యవహారంలో చేయగల అతి పెద్ద తప్పు.

తేల్చుకోవడానికి సులువైన చూపు ఒకటుంది. మనిషిని పడుకోబెట్టి కాలిని 45 డిగ్రీల ఎత్తుకు లేపి ఒకటి రెండు నిమిషాలు పట్టుకోండి. పాదం తెల్లగా పాలిపోయి, దించాక ముదురు ఎరుపుకు తిరిగితే ధమనుల జబ్బు బలంగా ఉన్నట్టే. చామనఛాయ, నల్లని చర్మంలో ఈ మార్పు అరికాల్లో బాగా తెలుస్తుంది.

పాదం వెచ్చగా ఉంది కాబట్టి రక్తం బాగుందనుకోవద్దు. నరాలు దెబ్బతిన్న పాదం, రక్తం చాలకపోయినా, వెచ్చగానే ఉండొచ్చు.

4. రక్తప్రసరణ కొలత: ఏబీఐ ఎలా తీయాలి

చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చే అంకె ఏబీఐ. కావాల్సినవి మామూలు బీపీ మిషన్, చేత్తో పట్టుకునే 8 మెగాహెర్ట్జ్ డాప్లర్ (నాళంలో రక్తం కదలికను శబ్దంగా వినిపించే పరికరం), జెల్లీ. స్టెతస్కోపుతో, వేళ్లతో నాడి పట్టుకుని చేస్తే లెక్క తప్పుతుంది.

1. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కనీసం 10 నిమిషాలు విశ్రాంతి ఇవ్వండి. అంతకుముందు బీడీ, సిగరెట్టు, కాఫీ వద్దు.
2. రెండు చేతులకూ పై బీపీ డాప్లర్‌తో తీయండి. ఎక్కువ వచ్చినది రాసుకోండి.
3. పుండు మీద శుభ్రమైన పలచని కవరు పరిచి, చీలమండకు కాస్త పైన కఫ్ చుట్టండి.
4. పాదం పైభాగాన బొటనవేలికి, రెండో వేలికి మధ్య గీత వెంట ఒక ధమని, లోపలి చీలమండ ఎముక వెనక ఇంకో ధమని ఉంటాయి. జెల్లీ రాసి, డాప్లర్‌ను 45 నుంచి 60 డిగ్రీల వాలుగా పెట్టి శబ్దం పట్టుకోండి.
5. శబ్దం ఆగాక ఇంకో 20 నుంచి 30 మి.మీ. (బీపీ మిషన్ చూపే పాదరసం కొలత; ఇకపై ఒత్తిడి అంకెలన్నీ ఇందులోనే) పైకి గాలి కొట్టి, మెల్లగా వదలండి. శబ్దం తిరిగి వినబడిన చోట అంకె రాయండి. రెండు ధమనులకూ విడివిడిగా చేయండి.
6. కాలి అంకెను చేతి అంకెతో భాగించండి. చేతికి 140, కాలికి 98 అయితే 98 ÷ 140 = 0.7.

మామూలు లెక్కలో రెండు ధమనుల్లో ఎక్కువ వచ్చినదాన్ని తీసుకుంటారు. పుండున్న షుగర్ రోగికి రెండూ రాసి పెట్టడం మంచిది. ఒక ధమని బాగుండి రెండోది మూసుకుపోతే, పుండు ఆ రెండోదాని పరిధిలో ఉండొచ్చు.

శబ్దం తీరు కూడా వినాలి. ప్రతి కొట్టుకోలుకూ రెండు మూడు భాగాలుగా చురుగ్గా వినిపిస్తే నాళం బాగున్నట్టు. ఒకే మెత్తని "హూష్" మాత్రమే వస్తుంటే అంకె ఎంత అందంగా వచ్చినా అనుమానించాలి.

షుగర్ రోగుల్లో ఏబీఐ మోసం చేసే తీరు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఏళ్ల తరబడి షుగర్, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ల ధమనుల గోడల్లో సున్నం పేరుకుంటుంది. గొట్టం గట్టిపడి, కఫ్ ఎంత బిగించినా నలగదు. ఏబీఐ 1.4, 1.5 అని వస్తుంది, ఒక్కోసారి 250 దాటినా శబ్దం ఆగదు. అది ఆరోగ్యం కాదు, కొలత పని చేయలేదని అర్థం. 0.9 నుంచి 1.3 మధ్య వచ్చినా, లోపల సున్నం ఉండి ఉండొచ్చు.

అప్పుడు అడగాల్సింది బొటనవేలి ప్రెషర్. వేలికి చిన్న కఫ్ వేసి, కాంతితో రక్తం కదలికను పట్టే పరికరంతో తీస్తారు. వేళ్లలోని సన్న ధమనులకు సున్నం అంతగా పట్టదు కాబట్టి ఈ అంకెను ఎక్కువ నమ్మవచ్చు. డయాబెటిక్ ఫుట్ క్లినిక్కుల్లో, వాస్క్యులర్ (రక్తనాళాల) సర్జరీ విభాగాల్లో చేస్తారు. హైదరాబాదు నిమ్స్ లాంటి పెద్ద ఆసుపత్రుల్లో వాస్క్యులర్ విభాగం ఉంది. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ఏది పథకం కిందికి వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

5. అంకెలను బట్టి కట్టు

- ఏబీఐ 0.9 నుంచి 1.3, బొటనవేలి ప్రెషర్ 60 మి.మీ. లేదా అంతకు పైన: తేలికపాటి నుంచి మధ్యస్థ ఒత్తిడి, అంటే 20 నుంచి 30 మి.మీ. వరకు, డాక్టరు రాస్తే వేయవచ్చు. స్పర్శ పోయిన పాదమైతే తక్కువతో మొదలుపెట్టాలి.
- ఏబీఐ 0.8 నుంచి 0.9: తేలిక కట్టు, 20 మి.మీ. దాటకుండా, తరచూ చూస్తూ.
- ఏబీఐ 0.6 నుంచి 0.8, లేదా బొటనవేలి ప్రెషర్ 30 నుంచి 60 మధ్య: ఇంటి పని కాదు, చిన్న క్లినిక్ పనీ కాదు. వాస్క్యులర్ నిపుణుడు చూసి, వేయమంటేనే.
- ఏబీఐ 0.6 కంటే తక్కువ, చీలమండ ప్రెషర్ 60 కంటే తక్కువ, బొటనవేలి ప్రెషర్ 30 కంటే తక్కువ, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా: కట్టు వద్దు. ముందు యాంజియోప్లాస్టీ లేదా బైపాస్ అవసరమా అని తేలాలి.
- ఏబీఐ 1.3 దాటితే: బొటనవేలి ప్రెషర్ తెలిసేదాకా ఆగాలి.

40 మి.మీ. ఒత్తిడి గల నాలుగు పొరల కట్టు గురించి చదివి ఉంటారు. అది సిరల పుండుకు, మంచి ధమనులున్న కాలికి వాడేది. అరికాలి షుగర్ పుండుకు దాన్ని తెచ్చి వేయకూడదు.

అంకె ఎలా ఉన్నా ఈ కింది సందర్భాల్లో కట్టు వేయకూడదు:

- గుండె వైఫల్యం అదుపులో లేక ఆయాసం ఉన్నప్పుడు. కాళ్ల నీరు ఒక్కసారిగా పైకి చేరితే ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు.
- చీము, పాకుతున్న ఎరుపు, నల్లబడ్డ కండ ఉన్నప్పుడు.
- సిరలో గడ్డ ఉందేమోనన్న అనుమానం తేలనప్పుడు.
- కాలికి బైపాస్ చేసి ఉంటే, ఆ సర్జన్ అనుమతి లేకుండా.

6. సామాన్లు సిద్ధం చేసుకోండి

- సెలైన్, శుభ్రమైన గాజు గుడ్డ, డాక్టరు చెప్పిన డ్రెస్సింగ్
- కట్టు కింద వేసే దూది చుట్ట. మెడికల్ షాపులో సాఫ్ట్ రోల్ అంటే ఇస్తారు. 10 సెంటీమీటర్ల వెడల్పుది ఒకటి రెండు
- 10 సెం.మీ. వెడల్పు క్రేప్ బ్యాండేజీలు రెండు. 15 సెం.మీ.ది చీలమండ దగ్గర సరిగ్గా అతుక్కోదు
- పేపర్ టేపు. బ్యాండేజీతో వచ్చే ఇనుప క్లిప్పులు పారేయండి. స్పర్శ లేని కాలికి అవి గుచ్చుకున్నా తెలియదు
- కుట్టు టేపు, పెన్ను, నోటుబుక్కు
- చిన్న అద్దం, అరికాలు చూడటానికి

క్రేప్ బ్యాండేజీ ఉతికే కొద్దీ సాగుడు పోతుంది. పాతదాన్ని అదే బలంతో లాగితే అదే ఒత్తిడి రాదు. లాగి వదిలితే వెనక్కి రానిదాన్ని మార్చేయండి.

7. పుండును, చర్మాన్ని సిద్ధం చేయడం

కట్టే వేళ ముఖ్యం. ఉదయం నిద్ర లేచి కాలు కింద పెట్టకముందు వాపు అతి తక్కువగా ఉంటుంది, అప్పుడే కట్టాలి. ఆ వేళ దాటిపోతే, ధమనులు బాగున్నవాళ్లు 20 నుంచి 30 నిమిషాలు దిండు మీద కాలు ఎత్తి పెట్టుకున్నాక కట్టండి. ఏబీఐ తక్కువున్నవాళ్లు గుండె కంటే ఎత్తుకు కాలు లేపకూడదు.

పుండును సెలైన్‌తో కడగండి. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, పసుపు, ఆకు పసర్లు ఏవీ వద్దు. వేడినీళ్ల కాపడం అసలే వద్దు. స్పర్శ లేని పాదం కాలి బొబ్బలెక్కినా మనిషికి తెలియదు. చుట్టూ ఉన్న ఆనెను, చచ్చిన చర్మాన్ని తీయడం నేర్పున్నవాళ్ల పని. ఇంట్లో బ్లేడు పట్టుకోవద్దు.

పొడవు, వెడల్పు సెంటీమీటర్లలో కొలిచి రాయండి. నీరు ఎంత కారుతోందో రాయండి.

పుండు అడుగున పుల్లలాంటిది తగిలిస్తే గట్టిగా ఎముక తగులుతోందని డ్రెస్సింగ్ చేసేవాళ్లు చెబితే, ఎముక ఇన్ఫెక్షన్ కోసం ఎక్స్‌రే, రక్తపరీక్షలు అయ్యేదాకా కట్టు మాట పక్కన పెట్టాలి.

కాలంతా తుడిచి పొడిగా చేయండి. ఎండిన చర్మానికి మాయిశ్చరైజర్ రాయండి, వేళ్ల సందుల్లో మాత్రం రాయొద్దు. సందుల్లో పలచని గాజు గుడ్డ ముక్కలు పెట్టండి.

డ్రెస్సింగ్ పుండు కంటే కాస్త పెద్దగా ఉంటే చాలు. మందంగా మడతలు పెట్టిన గాజు గుడ్డ కట్టు కింద గట్టి ముద్దై పుండునే నొక్కుతుంది. వాపు దిగే మొదటి రోజుల్లో పుండు నుంచి నీరు ఎక్కువ కారవచ్చు. పీల్చుకునే డ్రెస్సింగ్ అప్పుడు అవసరం.

8. కట్టు కట్టే వరుస

ఒత్తిడి ఎలా పుడుతుందో తెలిస్తే సగం తప్పులు జరగవు. లాగే బలం, పొరల సంఖ్య పెరిగితే ఒత్తిడి పెరుగుతుంది. కాలి చుట్టుకొలత, బ్యాండేజీ వెడల్పు పెరిగితే తగ్గుతుంది. చీలమండ చుట్టుకొలత 20 సెం.మీ., పిక్కది 36 సెం.మీ. అనుకోండి. ఒకే బలంతో చుట్టినా చీలమండ దగ్గర ఒత్తిడి 1.8 రెట్లు వస్తుంది. ఒత్తిడి కింద ఎక్కువ, పైన తక్కువ ఉండాలి కాబట్టి ఇది మనకు అనుకూలమే. పైకి వెళ్లే కొద్దీ బలం పెంచి ఆ తేడాను చెడగొట్టకూడదు.

పొరల లెక్క ఇలా: ముందు చుట్టు సగం కప్పేలా చుడితే ప్రతి చోటా రెండు పొరలు. మూడింట రెండు వంతులు కప్పితే మూడు పొరలు, అంటే ఒత్తిడి ఒకటిన్నర రెట్లు. 10 సెం.మీ. బ్యాండేజీ ముడిపడి 5 సెం.మీ. తాడులా అయిన చోట ఒత్తిడి రెట్టింపు.

1. చీలమండ చుట్టుకొలత, పిక్క లావైన చోటి చుట్టుకొలత కొలిచి రాయండి. చీలమండ 18 సెం.మీ. కంటే సన్నగా ఉంటే దూది ఎక్కువ పొరలు వేయాలి.
2. పాదాన్ని కాలికి నిలువుగా, 90 డిగ్రీల్లో పట్టుకోమనండి. పాదం కిందికి వాలి ఉండగా కడితే, నడిచేటప్పుడు చీలమండ ముందు ముడత పడి కోసుకుంటుంది.
3. వేళ్ల మొదలు నుంచి మోకాలి కింద దాకా దూది చుట్ట సగం కప్పుతూ, లాగకుండా చుట్టండి. ముంగాలి ఎముక అంచు, రెండు చీలమండ ఎముకలు, మడమ వెనక తాడులా తగిలే స్నాయువు, మోకాలి కింద బయటి వైపు ఎముక గుబ్బ, వీటి మీద అదనంగా ఒక పొర పరచండి. చీలమండ ఎముక వెనక గుంటలు కూడా దూదితో నింపితే కాలు గుండ్రంగా తయారై ఒత్తిడి సమంగా పడుతుంది.
4. వేళ్ల మొదట్లో క్రేప్ బ్యాండేజీ రెండు చుట్లు, లాగకుండా. వేళ్ల కొసలు పూర్తిగా బయట కనబడాలి. వేళ్లు కప్పేస్తే ఇక చూసే దారి లేదు.
5. బ్యాండేజీ చుట్టను కాలికి దగ్గరగా పట్టుకుని దొర్లించండి. దూరం నుంచి లాగొద్దు. తేలిక ఒత్తిడికి దాని ముడతలు విచ్చుకునేంత లాగితే చాలు.
6. పాదం మీదుగా చీలమండకు, అక్కడి నుంచి మడమ కిందికి, తిరిగి పాదం మీదికి ఎనిమిది అంకె ఆకారంలో చుట్టండి. మడమ బయట ఉండకూడదు. ఖాళీ వదిలిన మడమలోకి నీరంతా చేరి ఉబ్బుతుంది.
7. అదే బలంతో, సగం సగం కప్పుతూ పైకి వెళ్లండి. మోకాలి మడతకు రెండు వేళ్ల కింద ఆగండి.
8. బ్యాండేజీ మిగిలితే అక్కడే మళ్లీ మళ్లీ చుట్టొద్దు. కత్తిరించేయండి. మోకాలి కింద అదనపు చుట్లు పడితే పైనుంచి కాలువకు గేటు వేసినట్టవుతుంది, పాదం ఇంకా వాస్తుంది.
9. టేపు అతికించండి. కాలి చుట్టూ తిప్పొద్దు, చిన్న ముక్కలు చాలు.

కట్టడం రాని ఇళ్లలో తేలికైన సాగే గొట్టం లాంటి బ్యాండేజీ మేలు. చీలమండ, పిక్క కొలతలు షాపులో చెప్పి సైజు తీసుకోవాలి. ఒక సైజు చిన్నది కొంటే బాగా పడుతుందనే ఆలోచన వద్దు.

9. మొదటి 24 గంటలు

స్పర్శ ఉన్నవాళ్లకు కట్టు బిగుసుకుంటే నొప్పి చెబుతుంది. షుగర్ వల్ల నరాలు పోయినవాళ్లకు ఆ హెచ్చరిక రాదు. "బాగానే ఉంది, ఏమీ అనిపించడం లేదు" అని రోగి చెప్పే మాటకు ఇక్కడ విలువ లేదు. ఇంకొకరు కళ్లతో చూడాలి.

- కట్టిన 15, 30 నిమిషాలకు, తర్వాత గంటకోసారి మూడు గంటల వరకు వేళ్లు చూడండి.
- బొటనవేలి కొసను నొక్కి వదలండి. రంగు మూడు సెకన్ల లోపు తిరిగి రావాలి.
- రెండు పాదాల వేళ్లు తాకి చల్లదనం పోల్చండి.
- వేళ్లు నీలం, ఊదా, తెలుపు, మరీ ముదురు రంగుకు తిరిగితే వెంటనే విప్పండి. డాక్టరుకు ఫోన్ చేసి, అడిగి విప్పుదాం అనుకోవద్దు. విప్పి ఫోన్ చేయండి.
- పడుకున్నప్పుడు ఆయాసం వస్తే విప్పి, లేపి కూర్చోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి.
- మొదటి కట్టును 24 గంటలు దాటకుండా పూర్తిగా విప్పి, ఎముకలు పొడుచుకొచ్చే చోట్లన్నీ అద్దంతో చూడండి. నొక్కినా తెల్లబడని ఎర్రని మచ్చ ఉంటే అక్కడ దూది చాలలేదు.

మొదటి వారం రాత్రి పడుకునేటప్పుడు కట్టు తీసేయడం క్షేమం, డాక్టరు ఉంచమంటే తప్ప.

10. చెప్పు, నడక

అందరూ మరిచిపోయేది ఇదే. కట్టు వేశాక పాదం లావవుతుంది. పాత చెప్పులోకి అదే పాదాన్ని దూరిస్తే చిటికెన వేలి పక్కన కొత్త పుండు పుడుతుంది. కట్టుతో సరిపోయే, ముందు వెడల్పుగా ఉన్న, పట్టీలు సర్దుకునే చెప్పు ముందే తెచ్చిపెట్టుకోండి.

అరికాలి పుండుకు భారం తీసే సాధనం తప్పనిసరి. పాదం ముందు భాగంలో, మధ్యలో వచ్చే ఇలాంటి పుండ్లకు మధుమేహ పాదంపై అంతర్జాతీయ కార్యవర్గం ఐడబ్ల్యూజీడీఎఫ్ మొదటి ఎంపికగా సూచించేది మోకాలి దాకా ఉండి, రోగి తీయలేని సాధనాన్ని. పాదానికి అంటుకునేలా వేసే పూర్తి పిండికట్టు అందులో ఒకటి. రక్తం బాగా తక్కువున్నా, ఇన్ఫెక్షన్ తీవ్రంగా ఉన్నా అది పనికిరాదు. అలాంటి పిండికట్టు వేస్తే అదే వాపును కూడా దించుతుంది, లోపల వేరే ప్రెషర్ కట్టు అక్కర్లేదు. వాపు దిగాక పిండికట్టు వదులై రాసుకుంటుంది కాబట్టి మొదటిది కొద్ది రోజుల్లోనే మార్చాలి.

తీసి వేసుకునే బూటు ఇస్తే దాన్ని బాత్రూముకు వెళ్లే నాలుగడుగులకూ వేసుకోవాలి. ఇంట్లో చెప్పులు వేసుకోని మన అలవాటు ఇక్కడ చేటు చేస్తుంది. ఇంటికని విడిగా ఒక జత ఉంచితే గొడవ తీరుతుంది. పుండు మానేదాకా గుడికి వెళ్లినా, ప్రదక్షిణలు మానుకోండి.

కూర్చున్నప్పుడు గంటకోసారి పాదాన్ని పైకీ కిందికీ పదిసార్లు ఆడించండి. పిక్క కండరం పిండితేనే సిరల్లో రక్తం పైకి కదులుతుంది, కట్టు ఆ పనికి ఆసరా ఇస్తుంది. అరికాలి పుండున్నవాళ్లు ఈ వ్యాయామం పడుకునో కూర్చునో చేయాలి, నడిచి కాదు.

11. తప్పులు, సవరణలు

*పాదం కంటే పిక్క దగ్గర బిగుతుగా ఉంది, వేళ్లు ఉబ్బాయి.* పైకి వెళ్లే కొద్దీ బలం పెంచారు. విప్పి, కాలు ఆరబెట్టి, పాదం నుంచి మళ్లీ మొదలుపెట్టండి. పైనుంచి రెండు చుట్లు వదులు చేసి సరిపెట్టొద్దు.

*మధ్యాహ్నానికి కట్టు జారిపోతోంది.* సాధారణంగా వాపు దిగడం వల్ల. అది మంచి సంకేతమే గానీ, జారి చీలమండ దగ్గర ముద్దైన కట్టు కోస్తుంది. మొదటి వారంలో రోజూ తిరిగి కట్టాలి. వదులైందని మర్నాడు ఇంకా గట్టిగా లాగొద్దు.

*కట్టు పైకి తడి కనబడింది.* డ్రెస్సింగ్ నిండిపోయింది. పైన ఇంకో పొర చుట్టకుండా, మొత్తం విప్పి డ్రెస్సింగ్ మార్చండి. రోజూ ఇలాగే జరుగుతూ, వాసన కూడా ఉంటే ఇన్ఫెక్షన్ చూపించండి.

*పుండు చుట్టూ చర్మం తెల్లగా నానింది.* డ్రెస్సింగ్ ఎక్కువసేపు ఉంచారు, లేదా పీల్చుకునే శక్తి చాలలేదు. చుట్టూ జింక్ క్రీమ్ పలచగా రాసి, మార్చే వ్యవధి తగ్గించండి.

*పాదానికి మాత్రమే, లేదా చీలమండకు మాత్రమే కట్టారు.* బెణుకుకు కట్టే అలవాటు ఇది. కట్టుకు పైనా కిందా నీరు నిలుస్తుంది. వేళ్ల మొదలు నుంచి మోకాలి కింద దాకా ఒకే వరుసగా ఉండాలి.

*వాపు దిగింది, పుండు మాత్రం అలాగే ఉంది.* కట్టు తన పని చేసింది. ఇప్పుడు రక్తం, భారం, ఎముక ఇన్ఫెక్షన్ మళ్లీ చూడాలి. ఈ దశలో కట్టు ఒత్తిడి పెంచడం వల్ల ఒరిగేదేమీ లేదు.

12. వారం వారం లెక్క

ప్రతి వారం ఒకే రోజు, ఒకే వేళకు ఈ ఐదూ రాయండి: పుండు పొడవు, వెడల్పు, చీలమండ చుట్టుకొలత, పిక్క చుట్టుకొలత, డ్రెస్సింగ్ ఎన్నిసార్లు తడిసింది. పక్కన స్కేలు పెట్టి ఫోనులో ఫోటో తీయండి.

పొడవును వెడల్పుతో గుణించండి. 4 × 3 సెం.మీ. పుండు 12. నాలుగు వారాలకు అది 6 లేదా అంతకు తక్కువ కావాలి. సగానికి తగ్గని పుండు ఇదే దారిలో 12 వారాలకు మానే అవకాశం తక్కువ. నాలుగు వారాలు దాటాక డ్రెస్సింగ్ బ్రాండు మార్చి చూద్దాం అనుకోకుండా, రక్తనాళాల పరీక్షకు వెళ్లండి. ఏబీఐ మొదట్లో బాగా వచ్చి ఉన్నా సరే, బొటనవేలి ప్రెషర్ అడగండి.

ఈలోగా చక్కెర అదుపు, బీడీ, చుట్ట, సిగరెట్టు మానడం, డాక్టరు ఇచ్చిన కొలెస్ట్రాల్ మాత్ర, రక్తం పలచబడే మాత్ర ఆపకుండా వాడటం జరగాలి. పుండు మానడానికి మాంసకృత్తులు కావాలి. గుడ్లు, పప్పు, చేపలు, పెరుగు ఎంత తినాలో మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు ముందు డాక్టరును అడగాలి.

ఈ కింది వాటికి వారం ఆగకూడదు, ఆ రోజే ఆసుపత్రికి:

- పుండు చుట్టూ ఎరుపు 2 సెం.మీ. దాటి పాకడం
- జ్వరం, వణుకు, చక్కెర ఒక్కసారిగా పెరగడం
- వేలు గానీ, పుండు అంచు గానీ నల్లబడటం
- దుర్వాసన, నొక్కితే చర్మం కింద బుడగల్లా కరకరమనడం
- ఇంతవరకు నొప్పి లేని పాదంలో కొత్తగా నొప్పి

13. పుండు మానాక

వాపు తెచ్చిన జబ్బు పోనంతవరకు నీరు మళ్లీ దిగుతుంది. కట్టు స్థానంలో ప్రెషర్ సాక్సు రాస్తారు. ఎంత ఒత్తిడిదో చీటీ మీద అంకెలో రాయించుకోండి. షాపులో "షుగర్ సాక్సు" అని అడిగితే పట్టు లేని వదులు సాక్సు ఇస్తారు, అది వేరే వస్తువు.

కొలతలు ఉదయాన్నే, వాపు లేనప్పుడు తీయాలి. లోపల గట్టి కుట్లు ఉన్నది వద్దు, వేళ్ల దగ్గర తెరిచి ఉన్నది తీసుకోండి. పైఅంచు కిందికి మడిస్తే అక్కడ ఒత్తిడి రెట్టింపవుతుంది, మడవొద్దు. చేత్తో ఉతికి నీడలో ఆరేయాలి. రోజూ వాడితే ఆరు నెలల్లో పట్టు పోతుంది, కొత్తది కొనాలి.

ధమనుల జబ్బు ఆగి ఉండదు. ఈ ఏడాది సరిపోయిన సాక్సు వచ్చే ఏడాది ప్రమాదం కావచ్చు. కొత్త జత కొనే ప్రతిసారీ ఏబీఐ, వీలైతే బొటనవేలి ప్రెషర్ మళ్లీ తీయించుకుని, ఆ కాగితాన్ని పాత కొలతల నోటుబుక్కులోనే పెట్టండి.